ఇల్లు పంపే కబురు

సంచి అడుగున చద్దరు పరిచి దాని మీద రెండు ఇల్కల్ చీరలు పెట్టింది చంద్రభాగ, వాటి మడతల్లో కళ్ళద్దాల డబ్బా దాచింది, పక్కన కడక్ రొట్టెల మూట, పల్లికారం సీసా. సీసా మూత ఊడి చీరలకు నూనె అంటుతుందేమోనని ప్లాస్టిక్ కాగితం చుట్టి బీడీలు కట్టే దారంతో బిగించింది, మళ్ళీ అనుమానం వచ్చి ఇంకో రెండు చుట్లు వేసింది. దారం తెంచిన కత్తెర చేతిలోనే ఉంది, అది కూడా సంచిలో పడింది, దాని వెనకే తంబాకు డబ్బా. మనుమరాలు ప్రాజక్త వంగి ఆ రెండూ బయటికి తీసింది.

“అవ్వా, గుండె ఆపరేషన్‌కు పోతున్నవు. వార్డుల మంచం మీద కూసోని బీడీలు చుడ్తవా ఏంది?”

“ఉత్తగ పండుకుంటే చేతులు గుంజవా? డాక్టర్‌కు ఒక కట్ట ఇస్తే మంచిగ చూస్తడు,” అంది చంద్రభాగ.

“ఇస్తే ఇద్దరినీ బయటికి తోల్తరు. ఫైలు ఏది?”

ఫైలు చీరల కింద ఉంది. ఉందో లేదో అని ఇప్పటికే మూడుసార్లు తడిమింది, ఇప్పుడు ఇంకోసారి తడిమింది. ఆటో రావడానికి గంట ఉంది. కొడుకు వెంకటేశ్, కోడలు రూపాలి నిన్ననే పూణె పోయారు, కొడుకు రక్తం ఇవ్వాలట, అక్కడ నౌకరీ చేసే ప్రాజక్త అద్దె గదిలో కోడలు వంటకు అమర్చాలట, అందుకని ఈరోజు ఇంట్లో మిగిలింది ముసలిది, మనుమరాలు, ఈ సంచి. ముగ్గురూ బయటపడితే ఇంటికి తాళం పడుతుంది. తాళం కొత్త కాదు, కార్ఖానాకు బీడీలు అప్పజెప్పడానికి పోయేటప్పుడు వేసి, వచ్చి తీసే తాళం ఆమె చేతికి అలవాటే, కానీ అది పగటి తాళం. జోడ్‌భావి పేట్‌లోని ఈ రెండు గదులకు రాత్రి తాళం పడనివ్వలేదు ఆమె. సిరిసిల్లలో తమ్ముడు చనిపోతే కొడుకునూ కోడలినీ పంపి తను ఇక్కడే కూర్చుని ఏడ్చింది. అక్కల్‌కోట్‌లో ఆడబిడ్డ కూతురి పెళ్ళికి పోయి, అక్షింతలు వేసి, అన్నం తినకుండానే సాయంత్రం బస్సు పట్టుకుంది, మీ వదినకు ఇంట్ల నిధి ఉన్నది అని వాళ్ళు నవ్వుకున్నారు. బీడీలు చుట్టే ఆడవాళ్ళకు ఊరి బయట విడీ ఘర్కుల్ కాలనీలో ఇళ్ళు ఇచ్చినప్పుడు ఆమె పేరూ వచ్చింది. నల్లా లోపలే ఉంటది, రెండు దిక్కుల కిటికీలు ఉంటయి అని వెంకటేశ్ చెప్పి చూశాడు. “ఆ ఇంటి దారి మీ నాయినకు ఎట్ల తెలుస్తదిరా?” అని అడిగింది ఆమె. వెంకటేశ్ చొక్కా వేసుకుని పనికి పోయాడు. ఆ ఇల్లు ఇంకొకరికి పోయింది. ఇప్పుడు అక్కడ ఎవరో తులసి మొక్క పెట్టారని, గోడకు ఆకుపచ్చ రంగు వేశారని ఎవరో చెప్తే వింది.

అప్పట్లో భర్త పెంటప్ప సంచి కూడా ఆమే సర్దింది. ఇంత పెద్దది కాదు, భుజానికి తగిలించుకునే గుడ్డ సంచి, అందులో ధోతి, తువ్వాల, రొట్టెలు, ఇదే పల్లికారం, ఆయనే నేసిన చద్దరు. ఆయన నేసే బట్టల గిర్నీ మూతపడి అప్పటికి చాన్నాళ్ళయింది, పొద్దున పనికి పిలిచే భోంగా మోగకపోయినా ఆయన అదే వేళకు లేచి, ముఖం కడుక్కుని, ఎక్కడికి పోవాలో తెలియక గడప మీద కూర్చునేవాడు. ఆ ఆషాఢంలో పేటలో నుంచి పంధర్‌పూర్‌కు నడిచిపోయే భక్తుల దిండీ బయలుదేరుతుంటే నేనూ పోతా అన్నాడు. పోనీ, నడిస్తే మనసు తేలికపడుతుంది అనుకుంది. పంధర్‌పూర్ ఎంత దూరం, మూడు దినాల నడక, అందరూ పోతారు, అందరూ వస్తారు. ఏకాదశికి దర్శనం చేసుకుని తెల్లారి బారస నాటికి ఇంట్ల ఉంట, పోలెలు జెయ్యి అన్నాడు. ఇంకేమన్నాడు, ఏమీ అనలేదు. కోపంగా ఉన్నాడా, లేడు. వెంకటేశ్ భుజం తట్టాడా, తట్టాడేమో, అది మాత్రం ఆమెకు ఒకసారి తట్టినట్టు, ఒకసారి తట్టనట్టు గుర్తొస్తుంది. దువ్వెన మరిచిపోయాడు. అది ఇప్పటికీ గూట్లో ఉంది, ప్రాజక్త చిన్నప్పుడు దాంతో బొమ్మకు తల దువ్వబోతే చేతిలోంచి లాక్కుని తర్వాత ఆ పిల్ల ఏడుపు ఆపలేక చచ్చింది. బారస నాడు పోలెలు చేసింది. మరునాడూ ఉంచింది. ఆ మరునాడు పులుపెక్కితే ఆవుకు పెట్టింది.

గ్యాసు బంద్ చేసిందా. చేసింది. మళ్ళీ పోయి చూసింది, చేసే ఉంది.

ఆయనతో పోయినవాళ్ళు వచ్చారు. పంధర్‌పూర్‌లో చంద్రభాగ ఏట్లో స్నానం దాకా చూశామన్నారు, తర్వాత జనంలో కనబడలేదన్నారు. బావ నర్సప్ప వెంకటేశ్‌ను తీసుకుని పోయి, ఏటి ఒడ్డున, మఠాల్లో, ఠాణాలో అడిగి వచ్చాడు. శవమేదీ తేలలేదు. ఒకడు ఆళందిలో చూశానన్నాడు, ఒకడు భివండీలో మగ్గం మీద చూశానన్నాడు, ఇద్దరి మాటా నమ్మింది, ఇద్దరి దగ్గరికీ వెంకటేశ్‌ను పంపింది, ఇద్దరూ చూసింది వేరే మనుషులను. కార్ఖానా ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్ళకు కొన్నాళ్ళు ఇదే కాలక్షేపం. ఇంట్ల ఒక చంద్రభాగను పెట్టుకొని ఇంకో చంద్రభాగల మునిగెటందుకు పోయిండట అని ఒకామె అంటే, గా ఏటికి కారం మాటలు రావు గదా, ఆడనే బాగున్నది అనుకోని ఉంటడు అని ఇంకొకామె. అందరూ నవ్వారు, చంద్రభాగ కూడా నవ్వింది. అప్పుడు నవ్వకపోతే ఆ వరుసలో మళ్ళీ కూర్చోవడం కుదరదు, కూర్చోకపోతే పొయ్యి వెలగదు.

ఆ వరుస సంగతి కొన్ని నెలల కింద ప్రాజక్తను నౌకరీ గురించి అడిగినప్పుడు పనికొచ్చింది. ఆ పిల్ల లాప్‌టాప్ తీసుకుని వారం రోజులకు ఇంటికి వచ్చింది, పొద్దంతా తెర ముందు కూర్చుంటుంది, అరచేయంత గీతలు పైకి లేస్తాయి, కిందికి పడతాయి. చంద్రభాగ ఏదైనా చదువుతుంది, చదవకుండా ఉండలేదు, బడికి పోయింది కాదు గానీ తంబాకు కట్టి వచ్చే కాగితాల మీద మరాఠీ కూడబలుక్కుంది, నాయిన భజనల పుస్తకంలో తెలుగు కూడబలుక్కుంది. ఆ కాగితాల్లో వార్త ఎప్పుడూ సగంలో తెగేది. ఎవరో బస్సెక్కినట్టు ఉండేది, చేరారో లేదో చెప్పే ముక్క ఇంకో పొట్లానికి పోయేది, ఆమె పక్కింటి యమునాబాయి పొట్లం అడిగి విప్పి చూసేది, అందులో వేరే వార్త సగం ఉండేది. తెర మీదవి ఇంగ్లీషు అక్షరాలు, అవి రావు.

“పొద్దంత గీతలు చూసుడేనా నీ నౌకరి?”

“మా కంపెనీల వేల మిషన్లు ఉంటయి అవ్వా. ఒక్కొక్క దాంట్ల చిన్న ప్రోగ్రాం పెడ్తం. నేను ఇంత పనిల ఉన్న, ఇంత వేడెక్కిన, నా దగ్గర ఇంత జాగ మిగిలింది అని అది నిమిషానికోపాలి కబురు చెప్తది.”

“ఎవలకు?”

“సీదా ఎవలకూ చెప్పది. నడుమ ఒక క్యూ ఉంటది, దాంట్ల ఏసి తన పని తను చూస్కుంటది. ఈ దిక్కు నుంచి తీస్కునేటి ప్రోగ్రాం వరుసల మొదటిది మొదలు తీస్కుంటది. గా ఇచ్చుడు, గా పుచ్చుకునుడు ఆగకుంట చూసుడే నా నౌకరి.”

చంద్రభాగకు కార్ఖానా అరుగు కనబడింది. తెల్లవారుతూనే ఆడవాళ్ళు బీడీల బుట్టలు తెచ్చి వరుసలో పెట్టి ఇంటికి పోతారు, బియ్యం కడగాలి, పిల్లకు జడ వేయాలి, నల్లా వచ్చే వేళ. బీడీలు లెక్కచూసే మున్షీ వచ్చేదాకా బుట్ట కూర్చుంటుంది, మనిషి కూర్చోదు. మున్షీ తలుపు తీసినప్పుడు మొదటి బుట్ట మొదట చూస్తాడు. మున్షీ ఆలస్యమైనా వరుస చెదరదు, ఎవరి బుట్టా ఎవరూ ముట్టరు, అది అక్కడి కట్టుబాటు. అంతే గదా నీ క్యూ అంటే, అంతే అవ్వా అంది ప్రాజక్త, ఫోన్‌లో ఎవరికో ఈ మాట చెప్పి నవ్వింది కూడా. చంద్రభాగ చాటలో ఆకు అంచులు కత్తిరిస్తూ ఇంకో రెండు బీడీలు చుట్టింది. తర్వాత అడిగింది, చప్పుడు బందయితే ఏం జేస్తరు అని. ఎర్ర చుక్క వస్తది అంది ప్రాజక్త.

“అంటే సచ్చిందని రాస్తరా?”

“అట్లెట్ల రాస్తం? మిషన్ ఆగిందో, తార్ తెగిందో, నడుమ క్యూనే బందయిందో ఈడ కూసోని మాకేం ఎరుక? తెల్వది అని పెడ్తం. పోయి చూసినంక, చూసినోళ్ళు చెప్పినంక, అప్పుడు సచ్చిందంటం.”

కత్తెర ఆగింది. తెల్వది అని పెడతారట. వేల మిషన్లున్న కంపెనీలో, అంత చదువుకున్న పిల్లలు, కళ్ళకు కనబడనిదాన్ని చచ్చిందని రాయరట. నర్సప్ప బావ ఏడేళ్ళు చూసి, ఇగ చాలు, దినాలు చేద్దాం, గాజులు తియ్యి అన్నాడు, కులం పెద్దలను ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చి ఇదే గదిలో కూర్చుని అన్నాడు, వాళ్ళకు ఈమే చాయ్ పెట్టి ఇచ్చింది. శవాన్ని చూసినవా బావా అని అడిగితే చూడలేదన్నాడు. బతికి ఉన్నడని నువ్వు చూసినవా అని ఎదురు అడిగాడు. అది కూడా నిజమే, చూడలేదు. మూర్ఖురాలిలా గాజుల చేతులు కొంగులో దాచుకుని గోడకు ఒరిగి కూర్చుంది. చచ్చాడు, బతికాడు అని రెండు గళ్ళే ఉన్నాయనుకున్నారు అందరూ, ఆమె కూడా అనుకుంది. మూడో గడి ఉందని, దానికి పేరు ఉందని, అందులో పెట్టి పని నడిపించుకోవచ్చని ఇన్నాళ్ళకు తెలిసింది. నర్సప్ప బావ ఉంటే చెప్పేది. ఆయన పోయాడు, ఆయన సంగతి అందరూ చూశారు, అందులో అనుమానం లేదు.

ఆ మరుసటి నెలలోనే ఆయాసం ఎక్కువైంది. అశోక్ చౌక్ డాక్టర్ గుండెలో వాల్వు పోయిందన్నాడు, పూణె పొమ్మన్నాడు, ఆలస్యం చేస్తే తను ఏమీ చెప్పలేనన్నాడు. చంద్రభాగ పోనంది. వెంకటేశ్ అరిచాడు, రూపాలి అన్నం మానేసింది. నేను పోయినంక వస్తే, తాళం చూసి ఎన్కకు పోతే, ఇన్నేండ్లు కూసున్నది దేనికి అని మాత్రమే అంది. యమునాబాయి, నేను లేనా అక్కా, తాళంచెయ్యి నా దగ్గర పెట్టు, వస్తే కూసోబెడ్త అంది. కానీ యమునాబాయి ఈ గల్లీకి తర్వాత వచ్చింది, ఆయన ముఖం ఎరగదు, పైగా ఆమె రోజులో సగం కార్ఖానా అరుగు మీదే ఉంటుంది. అందరూ విసిగిపోయాక ప్రాజక్త ఒక పాత లాప్‌టాప్ తెచ్చి గూటి పక్కన బల్ల మీద పెట్టింది. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, వైరు పెట్టి ఉంటేనే బతుకుతుంది, కరెంటు పోయి వస్తే తనంతట తనే లేస్తుంది. తలుపుకు ఒకటి, చౌకట్టుకు ఒకటి చిన్న తెల్ల బిళ్ళలు అంటించింది. తలుపు మూసి ఉంటే అవి రెండూ ఒకదాన్నొకటి తాకుతాయి, తెరిస్తే విడిపోతాయి, లాప్‌టాప్ నిమిషానికోసారి ఆ సంగతి క్యూలో వేస్తుంది, పూణెలో ప్రాజక్త ఫోన్‌లో కనబడుతుంది. అవ్వ చదువుకోవాలని మరాఠీ అక్షరాల్లోనే పెట్టింది. ఘర్ చాలూ, ఇల్లు నడుస్తోందని. దార్ బంద్, తలుపు మూసి ఉందని. దార్ ఉఘడా, తెరిచి ఉందని. ఎవలన్న తాళం ముట్టి తలుపు కదిలిస్తే దార్ ఉఘడా అని వస్తది, అప్పుడే యమునాబాయికి ఫోన్ చేస్త, సరేనా అంది.

“నీ ఫోన్ బందయితే? నువ్వు నిద్రవోతే?”

“క్యూల ఉంటది అవ్వా. లేచినంక వస్తది.”

“ఎన్ని దినాలుంటది?”

“మా కంపెనీల అయితే ఏడు దినాలు. తర్వాత పారేస్తం, జాగ సరిపోదు.”

“ఏడు దినాలకే పారేస్తరా?”

ఆమె ముఖం చూసి ప్రాజక్త కాసేపు ఏదో టైపు చేసింది. మన ఇంటిది పారెయ్య, ఎన్ని దినాలైన ఉంటది అంది. పిల్ల అబద్ధం చెప్తే కుడి చేత్తో చెవి గోకుతుంది, ఇప్పుడు గోకలేదు. అందుకని చంద్రభాగ ఒప్పుకుంది. ఏకాదశి అయినంక పోదాం అని ఒక్కమాట అడిగి చూసింది, ఈ శనివారమే మాఘ ఏకాదశి, పంధర్‌పూర్ నుంచి వచ్చేవాళ్ళు అప్పుడు వస్తారు, వస్తే అప్పుడే రావాలి, ఇదేం బుధవారం పయనం. డాక్టర్ తారీకు ఇచ్చిండు అవ్వా, ఆయనకు ఏకాదశి లేదు అంది ప్రాజక్త.

గల్లీ చివర హారన్ మోగింది. ఆటో లోపలికి రాదు, ఎదురింటి పవర్‌లూమ్ షెడ్డు ముందు టవల్ మూటల గడ్డలు పేర్చి ఉన్నాయి. ప్రాజక్త సంచి భుజానికి వేసుకుంది. “అవ్వా, ఆ లాప్‌టాప్ ప్లగ్గు ముట్టకు. మూడుపాలిలు చెప్పిన, నాలుగోపాలి చెప్తున్న. ఎర్రదారం కూడా కట్టిన.” ముట్ట బిడ్డా, నేనేం చిన్నపిల్లనా అంది చంద్రభాగ. దేవుడి దగ్గర దీపం ఆర్పింది, అగర్‌బత్తి నుసి చేత్తో ఒత్తి చూసింది, చాటలో మిగిలిన ఆకు మీద తడిగుడ్డ కప్పింది, తంబాకు డబ్బా మూత బిగించింది. తలుపు లాగింది. రెండు బిళ్ళలు కలిశాయా అని వంగి చూసింది, కలిశాయి. తాళం వేసి, ఇంకోసారి గుంజి, తాళంచెవి నడుముకు దోపుకుంది. యమునాబాయి గడపలో నిలబడి, పో అక్కా, కొత్త గుండెతోని రా, పాత దాంట్ల మాకు జాగ దొరకలే అంది. చంద్రభాగ, రెండోది నీకే ఇస్త తియ్యి అని నడిచింది. నాలుగు అడుగులకు ఆయాసం.

ఆటో కదల్లేదు. రోడ్డు మీద దిండీ పోతోంది, మాఘ మాసపు వారీ యాత్ర, కాషాయ జెండాలు, తాళాలు, తల మీద తులసి పెట్టుకున్న ఆడవాళ్ళు, వెనక నీళ్ళ టెంపో. ఆటో నడిపే అమోల్ ఇంజన్ ఆపి, విఠోబా దాటేదాక రైలు కూడా ఆగుతది ఆజీ, టెన్షన్ తీసుకోకు అన్నాడు. చంద్రభాగ ప్రతి ముఖమూ చూసింది. చూడకుండా ఉండడం ఆమెకు రాదు. ఎన్నో ఏళ్ళుగా ఆమె వెతికే ముఖానికి నల్ల జుట్టే ఉంది, మధ్యలో గుర్తొచ్చి తెల్ల జుట్టు పెట్టుకుని మళ్ళీ వెతుకుతుంది. ధోతి కట్టుకున్న ఒక ముసలాయన పక్కకు తిరిగాడు, ఆయన కాదు. ఇంకొకాయన, కాదు. అందరూ పోయేవాళ్ళే, వచ్చేవాళ్ళు శనివారం తర్వాత.

“అవ్వా,” అంది ప్రాజక్త. ఫోన్ ఆమె ముందుకు చాపింది. ఆకుపచ్చ చుక్క ఉండాల్సిన చోట ఎర్ర చుక్క ఉంది. కింద మరాఠీలో, మాహీత్ నాహీ. తెలియదు. “ఇల్లు చప్పుడు చేస్తలేదు. కరెంటు పోయిందా?”

అమోల్ తల తిప్పి చూశాడు. ఎదురు షెడ్డులో మగ్గాలు దడదడా కొట్టుకుంటూనే ఉన్నాయి, కరెంటు ఎక్కడికీ పోలేదు. “ప్లగ్గు ముట్టినవా?”

“ముట్టలే.” అని, తన కుడి చెయ్యి చూసుకుంది చంద్రభాగ. ప్లగ్గు ముట్టలేదు. మెయిన్ ముట్టింది. ఎండిన తునికాకు, తంబాకు, పక్క షెడ్డుల నుంచి గాలికి వచ్చి దూలాల మీద పేరుకునే పత్తి నూగు, ఇవి ఉన్న ఇళ్ళలో ఒక్క నిప్పురవ్వ చాలు, అందుకని ఇల్లు ఖాళీ చేసి పోయేవాళ్ళలో చివరివాళ్ళు తలుపు పక్కన మెయిన్ కిందికి గుంజి పోతారు. ఈ పేటలో ఏ పిల్లకైనా అది ముందు నేర్పుతారు, తర్వాతే అక్షరాలు. ఆమె చెయ్యి యాభై ఏళ్ళుగా గుంజుతోంది, ఇప్పుడూ గుంజింది, ఆమెను అడగలేదు. ప్రాజక్త కూడా ఈ పేట పిల్లే, ఆమెకూ తోచలేదు, ఆమె ముందు నడుస్తోంది గదా.

ప్రాజక్త దిగబోయింది. చంద్రభాగ ఆపింది. తాళంచెవి నా దగ్గర ఉన్నది అంది. ఇయ్యి అంటే ఇవ్వలేదు. బయలుదేరినంక ఎన్కకు పోవద్దు ఆజీ అన్నాడు అమోల్. దిండీ తోక ఇంకా కనబడలేదు, టైం ఉంది. ఆమె మెల్లగా నడిచింది, గోడ పట్టుకుని, టవల్ గడ్డల దగ్గర ఒకసారి ఆగి. తాళం తీసింది.

లోపల మసక. పావుగంట కూడా కాలేదు ఇల్లు వదిలి, అప్పుడే ఇల్లు ఎవరూ లేని ఇల్లయి కూర్చుంది. చాట, తడిగుడ్డ, గూట్లో దువ్వెన. దిండీ తాళాలు ఇక్కడికి పలచగా వినబడుతున్నాయి. ఆమె మెట్టు మీద కూర్చుంది. ఊపిరి అందాక లేద్దామని. ఇక్కడే కూర్చుండిపోతే ఏమవుతుంది. ప్రాజక్త వస్తుంది, ఏడుస్తుంది, రైలు పోతుంది, తారీకు పోతుంది, డాక్టర్ ఇంకో తారీకు ఇస్తాడో ఇవ్వడో. శనివారం ఏకాదశి, ఆదివారం బారస, పోలెలు చేయాలి. ఇన్నేళ్ళూ ఎవరు పోయినా తను ఇక్కడే ఉండడం వల్ల పోయినవాళ్ళకు తిరిగి రావడానికి ఒక చోటు ఉందనుకుంది, తనూ పోతే ఆ చోటు ఏమవుతుందో అని కదా భయం. మరి ఆయన బుట్ట పెట్టి పోయినవాడే అయితే, వరుసలో పెట్టి పోయినవాడే అయితే, తను కూర్చున్నా లేచినా బుట్ట ఉంటుంది, మున్షీ చూసేదాకా ఉంటుంది. తను మున్షీ కాదు. తను కూడా ఒక బుట్టే. ఇది ఆలోచిస్తే నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు, ఆయాసం కొంచెం తగ్గింది.

లేచి మెయిన్ పైకి ఎత్తింది. ట్యూబ్‌లైట్ రెండుసార్లు కొట్టుకుని వెలిగింది, లాప్‌టాప్ గుర్రుమంది, నెట్ డబ్బాలో ఒక్కో దీపం పచ్చబడింది. ట్యూబ్‌లైట్ ఒక్కటీ ఆర్పింది. కింద చూస్తే ఆకు తుంపులు, దారం ముక్కలు, తంబాకు పొడి, సంచి సర్దిన చోట రొట్టె పెంకులు. చీపురు మీదికి చెయ్యి పోయింది. పయనమైనవాళ్ళు చేరినట్టు కబురు వచ్చేదాకా ఇల్లు ఊడవరు. చీపురు వదిలేసింది.

కొంగులో ఫోన్ మోగింది. “వచ్చింది అవ్వా. ఘర్ చాలూ. దార్ ఉఘడా అని వచ్చింది.”

తలుపు తెరిచి ఉంది. ఇంట్లో మనిషి ఉంది. ఆయన వస్తే ఇదే కబురు వస్తుంది, ఇవే అక్షరాలు. ఎట్లా ఉంటుందో ఒకసారి విన్నట్టయింది. “ఇగ జూడు,” అని చంద్రభాగ బయటికి వచ్చి తలుపు లాగింది, తాళం వేసింది. ఫోన్ చెవికి పెట్టుకునే నిలబడింది. నిమిషం పట్టింది.

“బంద్ అని వచ్చింది. దా అవ్వా, దిండీ అయిపోయింది.”

నడుము నుంచి తాళంచెవి తీసి యమునాబాయి చేతిలో పెట్టింది. ఆటోలో కూర్చున్నాక ప్రాజక్త ఫోన్ ఆమెకే ఇచ్చింది. స్టేషన్ దాకా ఆకుపచ్చ చుక్కను చూస్తూ, వచ్చిన ప్రతిసారీ పెదాలతో చదువుకుంది. అమోల్, ఆజీ ఏం చదువుతుంది, దేవుని పోథీనా అని అడిగాడు. మా ఇల్లు అంది.

ఆ ఇల్లు ఇప్పటికీ నిమిషానికోసారి కబురు వేస్తుంది. ప్రాజక్త వాటిలో ఒక్కటీ పారేయలేదు. వెంకటేశ్, రూపాలి తిరిగి వచ్చాక తలుపు రోజూ తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, ఇల్లు ఊడుస్తున్నారు, మెయిన్ మాత్రం ఎవరూ దించరు. పెంటప్ప సంగతి తెలియదు. చంద్రభాగ తిరిగి రాలేదు. పూణె దవాఖానాలో ఆపరేషన్ అయిన మరునాడు పోయింది, రెండు వేల ఇరవై ఐదు ఫిబ్రవరి పదకొండు, మంగళవారం.